చద్దికి నిలవని జొన్న

కొత్త జొన్న మా వాకిట్లోకొచ్చి ఇది రెండో ఏడు. చేలో ఉన్నంతసేపూ బంగారమే, కాదనను. కంకి నా మోచేతంత పొడుగు. గాదె నిండింది, మగవాళ్ల మీసాలు లేచాయి. దంచేది మాత్రం నేను. పాత జొన్నకి రోకలి తగిలితే పొట్టు వేరు, గింజ వేరు. ఇది నాలుగు పోట్లకే నుగ్గయిపోతుంది. చెరిగితే పొట్టుతోపాటు పిండీ కోళ్లపాలే. పద్నాలుగు మందికి సంకటి చాలాలి కదా, మళ్లీ దంచు. ఇంతా చేస్తే ఆ సంకటి తెల్లారేసరికి నీళ్లొదిలేస్తుంది. పిల్లలకి చద్ది ఉండదు. పొద్దున్నే మళ్లీ రోకలే. నా కుడి భుజం ఇప్పుడు తలపైకి లేవడం లేదు.

ఈ వానలకి చేనంతా కొత్తదే చల్లుదామని మా చెకోరో బావగారు అంటున్నారు. ఆయన నా మొగుడి అన్న, ఇంటికి పెద్ద. పాత విత్తనంలో వంటింటి చూరు కింద పొగలో వేలాడుతున్న నాలుగు కట్టల కంకులే మిగిలాయి. చేలోకి అవి పోకపోతే నా భుజం సంగతి అంతే.

మాట తేలే రోజు, ఈ కొత్త రకం తయారుచేసినవాళ్ల తరఫున మాకు గింజలిచ్చిన విత్తనాలాయన వచ్చి మగవాళ్లతో పందిరి కింద కూర్చున్నాడు. పేరు సేరిబా కెయిటా. నేను కులిబాలి ఇంటిపిల్లను. మా రెండు ఇంటిపేర్లకీ తాతలనాటి నుంచి వేళాకోళం చుట్టరికం. బానిసవన్నా, బొబ్బర్లు మేస్తావన్నా కోపం తెచ్చుకోకూడదు, ఏం చెయ్యమన్నా కాదనకూడదు. మగవాళ్ల మాటల్లో కోడలు నోరు పెట్టకూడదు గానీ, కెయిటాని తిట్టడానికి కులిబాలికి ఎవరి సెలవూ అక్కర్లేదు.

సొరబుర్రతో నీళ్లందిస్తూ మొదలుపెట్టాను.

"ఏరా బొబ్బర్లమేతగా, మళ్లీ దాపురించావా?"

"నీళ్లు మోసే దాసీకి ఇంత నోరా! కుండెడు బొబ్బర్లు మింగొచ్చావేంటే?" అన్నాడు కెయిటా.

అందరూ గొల్లుమన్నారు.

"నువ్విచ్చిన గింజా నీలాంటిదే. చూడ్డానికి పొడుగు, రోకలి దెబ్బకి పిండి. చద్దికైనా పనికిరాదు."

ఇంకా నవ్వారు. కెయిటా కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది, కలం మాత్రం కదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పడానికి నాకున్న దారి ఇదొక్కటే. వేళాకోళంలో చెబితే ఆ నిజమూ నవ్వులాటైపోయె.

"లే. నా బానిసవేగా, వచ్చి దంచు" అన్నాను.

కాదనలేడు. మగవాళ్లంతా తమాషా చూడ్డానికి వెంట వచ్చారు. ఒక కట్ట విప్పాను. విత్తనం తీసి దంచుతున్నానే అని గుండె కలుక్కుమంది. పాతది ఒక గిన్నె, కొత్తది ఒక గిన్నె సమానంగా కొలిచి రెండూ అతని చేతే దంచించాను. చెమట్లు కారుస్తూ దంచాడు. నేను చెరిగి తిరిగి పోశాను. పాతది గిన్నెకి వేలెడు తక్కువైంది. కొత్తది సగానికి పడిపోయింది.

కెయిటా నవ్వు ఆగింది.

"చేను ఎంత పండుతుందో కొలిచాం అక్కా. ఇది కొలవలేదు."

"మమ్మల్నెవరైనా అడిగారా?"

"పెద్దాయన్ని అడిగాం."

"ఆయనేనాడైనా రోకలి పట్టాడా?"

కెయిటా అక్కడే కూర్చుని రాసుకున్నాడు. "తర్వాతి రకం తయారుచేసేటప్పుడు ఇదీ చూడమని మావాళ్లకి చెబుతాను."

"ఎప్పటికొస్తుందది?"

"ఎనిమిదేళ్లు పట్టొచ్చు అక్కా."

బావగారు రెండు గిన్నెలకేసీ చాలాసేపు చూశారు. చూశారు కదా అని ఆశ పడ్డాను, పిచ్చిదాన్ని.

"అమ్మా న్యెలే, గాదె నిండుతోంది, దాన్ని కాదనలేను. చేనంతా కొత్తదే. నీకంత మనసైతే నీ వేరుశనగ ముక్కలో పాతది వేసుకో."

బావగారిది పెద్ద మనసని మగవాళ్లు మెచ్చుకున్నారు. ఆ ముక్క ఒక్కటే నాది. అందులో జొన్న వేస్తే వేరుశనగ లేదు, నా చేతిలో నాలుగు డబ్బులూ ఉండవు. ఇంటి చేలో పని తీరాకే అందులో దిగాలి, ఈ భుజంతోనే తవ్వాలి.

కెయిటా వెళ్తూ అరచేతులు చూసుకున్నాడు. బొబ్బలు లేచాయి.

"రోజూ ఎలా దంచుతావక్కా?" వేళాకోళం మరిచిపోయి అడిగాడు.

మిగిలిన మూడు కట్టలూ చూరుకి గట్టిగా కట్టి, రాత్రి సంకటికి కొత్త జొన్న రోట్లో పోశాను.