చెరిసగం మందు

మూడోసారి కూడా సూది చిన్నపిల్ల నకాతో చేతి నరాన్ని తప్పింది.

"కదలకుండా పట్టుకోవమ్మా," అని ల్యాబు మనిషి విసుక్కున్నాడు, తప్పంతా పిల్ల చేతిదే అయినట్టు. ఆరేళ్ల పిల్ల. తెల్లవారుజామున నాలుగింటికి ఇల్లు కదిలినప్పటి నుంచీ పరగడుపున ఉంది. ఏడవడానికి ఓపిక లేక తల్లి భుజానికి తల ఆనించి ఊరుకుంది. రక్తం ఇచ్చేసిన అక్క బబిర్యె మాత్రం తన చేతి మీద దూది అదుముకుని, చెల్లెలి చేతి వంక చూస్తూ చెల్లెలి బదులు తానే ఏడుస్తోంది.

వాళ్ల తల్లిని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. కవలల్ని కన్న ఆడదాన్ని ఈ బుగాండా సీమలో నాలొంగో అంటారు. అది పేరు కాదు, గౌరవం. పెళ్లిలోనైనా చావులోనైనా ఆమెకి ముందు చాప వేస్తారు. ఆసుపత్రిలో మాత్రం వెయ్యరు. ఆసుపత్రిలో ఆమె ఒక నంబరు, ఆ మాటకొస్తే రెండు నంబర్లు. సరస్సు ఒడ్డున వలల మీద సన్న చేపలు ఎండబెట్టి రోజుకి ఐదు వేల షిల్లింగులు తెచ్చుకునే మనిషి. ఆ కూలి ఇవాళ పోయినట్టే.

నాలుగోసారికి నరం దొరికింది.

ఆ మందుల పరీక్షల భవనం జిల్లా ఆసుపత్రి ఆవరణలోనే ఉంది గానీ, ఆసుపత్రికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఆసుపత్రి కాన్పుల వార్డులో మంచానికి ఇద్దరు. మంత్రసాని చేతి తొడుగులు నొప్పులు పడేవాళ్లే కొనుక్కుని తెచ్చుకోవాలి. ఇక్కడేమో అద్దాల తలుపులు, చల్లటి గదులు, గోడ మీద నవ్వుతున్న పిల్లాడి బొమ్మ. పుట్టుకతో రక్తంలోకి హెచ్‌ఐవి పురుగు వచ్చిన పిల్లలకి ఏ మందు బాగా పనిచేస్తుందో ఇక్కడ కనిపెడుతున్నారు. కనిపెట్టవలసిందే. ఎవరూ కాదనరు. పిల్లల మరుగుదొడ్డికి మాత్రం తాళం వేసి, తాళంచెవి డాక్టరుగారి సొరుగులో పెట్టారు, పిల్లలు పాడుచేస్తారని.

"కూట్లో రాయి తియ్యలేనోళ్లు ఏట్లో రాయి తీత్తారంట," అంటుంది జాజా నజ్జెంబా. జాజా అంటే అవ్వ. ఆ పరీక్షలోనే ఉన్న ఇద్దరు మనవరాళ్లని చెరో పక్కన కూచోబెట్టుకుని భవనం అరుగు మీద ఎప్పుడూ ఒక స్తంభం దగ్గరే ఉంటుంది. నాలొంగో పిల్లల్ని తీసుకుని బయటికి రాగానే పలకరించింది.

"ఏమే నాలొంగో, ఇయ్యాల కూడా చప్పట్లు కొడతారా నీకు?"

"కొట్టుకోనీ జాజా. నీకెందుకు కుళ్లు?"

"కుళ్లు కాదే, సబ్బు! కిందటిసారి నీకు సబ్బు కూడా ఇచ్చారుగా. నా మొహాన ఏం ఇచ్చారు? మాత్ర ఒకటి తక్కువైందని తిట్లిచ్చారు."

ఆ మాట నిజమే. నెలనెలా తెచ్చిన సీసాలు, డబ్బాలు లెక్క చూసినప్పుడు నాలొంగో లెక్క ఎన్నడూ తప్పలేదు. ఒక్క మాత్ర మిగలదు, ఒక్క చుక్క ఎక్కువుండదు. రెండుసార్లు ఆమెని అందరి ముందూ నిలబెట్టి, "తల్లంటే ఇట్లా ఉండాలి" అని చప్పట్లు కొట్టించారు. ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఎక్కడికి పోయిందో ఆమెకి తెలియదు.

ఆరు నెలల కిందట ఏ పిల్లకి ఏ మందు పడాలో కంప్యూటరు చీటీ తీసింది. బబిర్యెకి కొత్త మాత్ర పడింది. చెంచాడు నీళ్లలో వేస్తే కరుగుతుంది, తియ్యగా పళ్లరసం లాగా ఉంటుంది. నకాతోకి పాత ద్రవం పడింది. అది చేదు, కిరసనాయిలు వాసన, నోట్లో పోస్తే సగం బయటికే. పైగా చల్లగా ఉంచాలి. ఐస్‌పెట్టె లేని కొంపలో తడి ఇసకలో కుండ పాతి, ఆ కుండలో సీసా దాచింది నాలొంగో.

ఆ రోజే ఆమె డాక్టరు ముందు మోకాళ్ల మీద కూచుని అడిగింది.

"అయ్యా, ఈళ్లు కవలలు. ఒకదానికి తీపి, ఒకదానికి చేదు పెట్టగూడదు. ఇద్దరికీ ఒకటే ఇయ్యండి."

డాక్టరు సెంబాత్యా నవ్వాడు. ఆయన బల్ల మీద మూడు సెల్‌ఫోన్లుంటాయి, మూడింట్లో ఒక్కటీ రోగి కోసం మోగదు. "నాలొంగో, ఇది సైన్సు. కంప్యూటరుకి కవలలూ తెలీదు, కంచాలూ తెలీదు," అన్నాడు. ఎదురుగా ఉన్న కుర్ర డాక్టర్లు కూడా నవ్వారు. నవ్వవలసిన చోట నవ్వడం వాళ్ల ఉద్యోగంలో భాగం.

సెంబాత్యా ఎక్కడి నుంచో దిగివచ్చినవాడు కాదు. అతని మేనత్త కూడా నాలొంగోయే. కవలల్లో ఒకరికి అరటిపండిస్తే ఇంకొకరికి అదే గెల నుంచి ఇవ్వాలని, ఒకరికి గౌను కుడితే రెండోవారికి అదే గుడ్డలో కుట్టాలని, తేడా చేస్తే చిన్నబోయినది అలిగి ప్రాణం విడుస్తుందని అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కోటు తొడుక్కోగానే తెలియనట్టు మరిచిపోయాడు. చదువు కొందరికి కళ్లు ఇస్తుంది, కొందరికి కళ్లద్దాలు మాత్రమే ఇస్తుంది.

నాలొంగో ఇంటికి పోయి తనకి తెలిసిన న్యాయం చేసింది. పొద్దునా సాయంత్రం తియ్యటి మాత్రలు కరిగించి చెరిసగం, చేదు ద్రవం కొలిచి చెరిసగం. ఇద్దరికీ సగం తీపి, సగం చేదు. గిన్నె అడుగు వేలితో తుడిచి మరీ నాకించేది. అందుకే లెక్క ఎప్పుడూ సరిపోయింది.

"నాలొంగో! లోపలికి," అని నర్సు నాంతొంగో తలుపు దగ్గర నుంచి పిలిచింది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే సరదా ఇవాళ లేదు.

గదిలో సెంబాత్యా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూచున్నాడు. నాలొంగో అలవాటు ప్రకారం మోకరిల్లింది. పిల్లలిద్దరూ ఆమె వెనక చేరారు.

"కిందటి నెల రక్తం ఫలితాలు వచ్చాయి. ఇద్దరికీ పురుగు పెరిగింది. ఇవాళ మళ్లీ తీయించింది అందుకే," అన్నాడు. "మందు ఇస్తున్నావా, పారబోస్తున్నావా?"

"పారబోయటమా? అయ్యా, ఒక్క చుక్క కింద పడితే ఒట్టు!"

"మరి పెరగడమేంటి? ఎట్లా ఇస్తున్నావో చెప్పు."

నాలొంగో చెప్పింది. దాచడానికేమీ లేదు కనక ఉన్నదున్నట్టు, కొంచెం గర్వంగా కూడా చెప్పింది. చెరిసగం అన్న మాట దగ్గర నర్సు కళ్లు మూసుకుంది. సెంబాత్యా కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు వంక చూసి, "పాడైపోయింది," అన్నాడు. "రెండు వరసలూ పాడుచేసింది. గురువారం లెక్కలు చూసేవాళ్లు వస్తున్నారు. రెండు నంబర్లు పోయాయి."

రెండు నంబర్లు. బల్లకి అటుపక్క రెండు నంబర్లు పోతే, ఇటుపక్క ఇద్దరు పిల్లలు ఆకలితో నిలబడి ఉన్నారు. ఆయన వాళ్లని చూడనన్నా చూడలేదు.

నర్సు కిందికి వంగి నాలొంగో చెవి దగ్గర చెప్పింది. "అట్లా ఇయ్యకూడదమ్మా. సగం మందుకి పురుగు చావదు. దెబ్బ తగిలి, తట్టుకోవడం నేర్చుకుంటుంది. రెండు మందులకీ నేర్చుకునుంటే ఇంక కష్టం."

నాలొంగో తన చేతుల వంక చూసుకుంది. ఆరు నెలలు. పొద్దునా సాయంత్రం. ఈ చేతులతోనే, గిన్నె అడుగు తుడిచి మరీ పెట్టింది. తేడా చేస్తే ఒకతె పోతుందని భయపడి ఇద్దర్నీ అదే దారికి తీసుకొచ్చింది. ఆచారం ఆమె చేత ఈ పని చేయించింది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరన్నా ఆర్నెల్లలో ఒక్కసారి, "ఎట్లా ఇస్తున్నావు?" అని అడిగి ఉంటే మొదటి వారంలోనే ఆగిపోయేది. లెక్క సరిపోయింది కనక ఎవరూ అడగలేదు.

"ఇప్పుడు ఏం చెయ్యాలయ్యా?" అంది. "ఇద్దరికీ ఆ మాత్రే నిండుగా ఇయ్యండి. ఇక పంచను. నా పిల్లల మీద ఒట్టు."

"అట్లా కుదరదు. పరీక్ష అయ్యేదాకా, ఇంకా పద్నాలుగు నెలలు, ఆ మాత్ర బయట ఎవరికీ లేదు." సెంబాత్యా ఒక కాగితం ముందుకి తోశాడు. "తల్లి సరిగ్గా మందు వెయ్యలేదు, అశ్రద్ధ చేసింది, అందుకని పిల్లల్ని పరీక్ష నుంచి తీసేస్తున్నామని ఇందులో ఉంది. వేలిముద్ర వెయ్యి. పాత వార్డుకి పో, ఇద్దరికీ ద్రవం ఇస్తారు. నర్సూ, చదివి వినిపించు, తర్వాత వినలేదనకుండా."

నాంతొంగో చదివింది. బబిర్యె, ఆరేళ్లు, తల్లితో ఉంటుంది. తర్వాతి వరసకి వచ్చేసరికి గొంతు తగ్గింది. నకాతో, ఆరేళ్లు, నాయనమ్మ ఇంట్లో ఉంటుంది, వేరే ఊరు.

"ఏంటేంటి?" అంది నాలొంగో. "మళ్లీ చదువు."

నర్సు మళ్లీ చదివింది.

"మా అత్త చచ్చిపోయి మూడేళ్లయింది. నకాతో నా పక్కలో తప్ప ఎక్కడా పడుకోదు. ఇదెవరు రాశారు?"

సెంబాత్యా ఫోను తీసి చూసుకున్నాడు. చెప్పింది నర్సే.

"ఒక ఇంటి నుంచి ఒక్క పిల్లనే తీసుకోవాలని రూలు. ఇద్దరుంటే తల్లి మందులు కలిపేస్తుందని... అందుకే ఆ రూలు."

"నాంతొంగో!" అన్నాడు సెంబాత్యా.

పరీక్ష మొదలుపెట్టినప్పుడు నెలాఖరుకి రెండు వందల మంది పిల్లలు కావలసి వచ్చారు. నూట తొంభై తొమ్మిది మంది దొరికారు. ఒక్కటి తక్కువైంది. ఇల్లు ఒకటే అయితే రెండోది రాదు కనక, చచ్చిన ముసలిదాన్ని బతికించి, ఆమెకో కొంప కట్టించి, అందులో నకాతోని దించారు. అంతే. ఈ దేశంలో చచ్చినవాళ్లు ఓట్లే వేస్తారు. పిల్లల్ని పెంచితే తప్పేముంది?

నాలొంగో లేచి నిలబడింది. డాక్టరు ముందు నిలబడి మాట్లాడటం ఆమె జన్మలో అదే మొదలు.

"నాలాంటిది ఉంటదని ఆ రూలు రాసినోళ్లకి తెలుసన్నమాట. ఎక్కడో సముద్రాలవతల కూచున్నోళ్లకి తెలుసు. మాలో పుట్టిన నీకు తెలీలేదా?"

"గొంతు తగ్గించు. వేలిముద్ర వేస్తావా లేదా? వెయ్యకపోతే ఇవాళ మందు ఇచ్చే అధికారం నాకు లేదు. సాయంత్రం పిల్లలకి ఏం వేస్తావో నీ ఇష్టం."

ఇంట్లో మందు లేదు. లెక్క సరిగ్గా సరిపోయేలా వాడింది కనక నిన్నటితో అయిపోయింది. సెంబాత్యాకి ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే.

నర్సు సిరా పెట్టె తెరిచింది. నాలొంగో బొటనవేలు చాపింది, సిరా దాకా తీసుకెళ్లి, పిడికిలి మూసింది.

"అశ్రద్ధ అన్న మాట కొట్టెయ్యి. నేను పంచాను. తప్పే చేశాను. నాలొంగో మందు రెండుగా పంచిందని రాయి. దాని కిందే డాక్టరు సెంబాత్యా నా ఇంటిని రెండు చేశాడని రాయి. ఆ కాగితం తీసుకురా, ఒక వేలు కాదు, పది వేళ్లూ వేస్తా."

"బయటికి పో," అన్నాడు సెంబాత్యా.

"పోతన్నా." కాగితం తీసుకుని, పిల్లలిద్దర్నీ ముందు నడిపించుకుని అరుగు మీదికి వచ్చింది. వెనకే, కాగితం తిరిగి తెమ్మని పంపిన నర్సూ వచ్చింది. అరుగు మీద నలభై మంది ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లలో పిల్లలు. నాలొంగోకి ఇంగ్లీషు రాదు. కాగితం నర్సు చేతిలోనే పెట్టింది.

"నర్సమ్మా, ఇందాక లోపల నాకు చదివావే, అదే ఇక్కడ చదువు. గట్టిగా."

"నాంతొంగో, లోపలికి రా!" అద్దాల తలుపు వెనక నుంచి కేక.

నాంతొంగోకి ఈ ఉద్యోగం ఏడాదికోసారి కాగితం మీద పొడిగిస్తారు. పొడిగించే చెయ్యి ఆ తలుపు వెనకే ఉంది. ఆమె తలుపు వంక చూసింది. పిల్లల వంక చూసింది. చదవడం మొదలుపెట్టింది. అలవాటు లేని గొంతు, ముందు ఎవరికీ వినిపించలేదు. రెండోసారి వినిపించింది.

"పిల్ల పేరు నకాతో. వయసు ఆరు. ఉండేది నాయనమ్మ ఇంట్లో."

"ఏ నాయనమ్మే?" అంది జాజా నజ్జెంబా. "ఆ ముసల్దాన్ని మట్టి చేసిన రోజు నేనక్కడే ఉన్నాను. అరటాకులో కూడు కూడా తిన్నాను."

"ఆమే, జాజా," అంది నాలొంగో.

స్తంభం పట్టుకుని ముసలావిడ లేచింది. మనవరాళ్లిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని నర్సు దగ్గరికి నడిచింది.

"అయితే తల్లీ, లోపలికి పోయి మా కాగితాలు కూడా పట్రా. నా పిల్లలిద్దరూ ఒకే చాప మీద పడుకుంటారు. ఈళ్లలో ఎవర్ని ఏ దెయ్యం కొంపలో రాశారో చూద్దాం."