కార్బన్ చప్పుడు

సైకిల్ చూడడానికి కరీంనగర్ రమ్మని మమతారాణి ఫోన్ చేసినప్పుడు మొగిలి నమ్మలేదు. కూతురు తనను ఏదైనా అడిగి చాలా కాలమైంది. భార్య సమ్మవ్వ పోయాక ఆ ఇంట్లో మాటలు కూడా పోయాయి. మమత ఎప్పుడైనా వస్తుంది, వండుతుంది, గిన్నెలు తోమి బోర్లించి వెళ్లిపోతుంది. ఆసిఫాబాద్ దిక్కు అడవిలో బీట్ ఆఫీసరు. పొద్దున్నే లేచి ఈదుతుంది, సైకిల్ తొక్కుతుంది, ఉరుకుతుంది. మూడూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే పందెమట. ట్రయాథ్లాన్ అంటారట. ఆడపిల్లకు ఇదేం పిచ్చి అని అడిగిన బంధువుల గడప తొక్కడం మొగిలి మానేశాడు. వాళ్లడిగింది తప్పని కాదు. తనకూ అదే అనుమానం. వాళ్ల నోట వినడం ఇష్టం లేదు, అంతే.

"సైకిల్ కొనేటందుకు నేనెందుకే?"

"నీకు చెవున్నది గద బాపూ."

అది మామూలు సైకిల్ కాదని చెప్పింది. పందేల కోసమే చేసిన బండి. ఇనుము ఉండదు, అంతా కార్బన్. ఒకరు వాడిన బండి కాబట్టి ఎప్పుడైనా కింద పడి ఉంటే లోపల పగులు ఉండవచ్చు. పైన రంగు చెక్కుచెదరదు, కంటికి కనబడదు. తెలిసినవాళ్లు రూపాయి బిళ్లతో కొట్టి చప్పుడు వింటారట.

"పగులుంటె ఏమైతది?"

"ఏం గాదు. ఒకనాడు చెప్పకుంట ఇరుగుతది. ఘాట్ల దిగేటప్పుడు ఇరిగిందనుకో, నన్ను ఏరుకోవాలె."

"అయితె వద్దను."

"గిసొంటిది మన దిక్కు మల్ల దొరకదు బాపూ. అరువు బండి మీద ఎన్నొద్దులు తొక్కుత? నువ్వు బాగున్నదంటె తీస్కుంట. బాలేదంటె ఇడిసిపెడత. నీ మాటే."

ఫోన్ పెట్టేసి మొగిలి కరీంనగర్ బస్సు ఎన్ని గంటలకో కనుక్కోవడానికి బయల్దేరాడు.

మందమర్రి బొగ్గుబాయిలో అతను సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలుకాకముందు కట్టె పట్టుకుని లోపలికి పోయి పైకప్పును కొట్టి చూడడం అతని పని. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైన కప్పు తడిసిన డప్పులా పలుకుతుంది. అతను బాగుందంటేనే మనుషులు లోపలికి వచ్చేవాళ్లు. బాగుందన్న చోట ముందు తానే నిలబడేవాడు. అది ఎవరూ రాసిన రూలు కాదు. మొగిలి రూలు. అతని నోటి నుంచి రెండే మాటలు వచ్చేవి: బాగుంది, బాలేదు. మూడో మాట ఎవరూ వినలేదు.

బండి ప్రేమ్‌సాగర్ అనే పండ్ల డాక్టరుది. డ్యాం దారిలో ఇల్లు. రెండేళ్లు తొక్కి, నడుము నొప్పితో మానేశాడట. హాల్లో గోడకు దుప్పి కొమ్ముల్లాగా వేలాడదీశాడు. దించి నేల మీద నిలబెడితే మొగిలికి అందులో సైకిల్ కనబడలేదు. నల్లగా, పలచగా, కత్తిలా ఉంది. హ్యాండిల్ మీంచి రెండు కడ్డీలు ముందుకు పొడుచుకు వచ్చాయి. మోచేతులు వాటి మీద ఆనించి తొక్కాలట.

"గిది కూసుండేదా, పండుకునేదా సార్?"

డాక్టరు నవ్వాడు. "రెండూ, కాకా."

మమత నవ్వలేదు. ఆమె కళ్లు బండి మీదే ఉన్నాయి. చిన్నప్పుడు మిఠాయి కొట్టు ముందు కూడా ఆ పిల్ల అలా నిలబడలేదు.

"ఎన్నడన్న పడ్డదా సార్ గిది?"

"ఒక్కసారి గూడ పడలే."

డాక్టరు భార్య పద్మలత చాయ్ తెచ్చి పెడుతూ అంది: "పడకుంటనే భుజమెముక ఇరిగిందా?"

"అది పాత బండి మీద."

"పాతది అమ్మినంక గద ఇరిగింది."

"నీకు యాదిలేదు పద్మా."

"నెల దినాలు నోట్ల ముద్ద పెట్టినదాన్ని నేను. నాకు యాదుండదు, నీకుంటదా?"

మొగిలి ఇద్దరి మొహాలూ చూశాడు. అబద్ధం చెప్పేవాళ్లను బాయిలో చాలామందిని చూశాడు. వాళ్లు ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తారు. ఈ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. మొగుడూపెళ్లాలు కొట్లాడుకుంటే నిజం ఎటు పోతుందో అతనికి తెలుసు. ఇద్దరి దగ్గరా ఉండదు.

ఫ్యాన్ బంద్ చేయమన్నాడు. రూపాయి బిళ్ల తీసుకుని బండి పక్కన గొంతుకూర్చున్నాడు. ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక్కి కొడుతూ వచ్చాడు. టక్. టక్. టక్.

అంతా డొల్ల.

ఎక్కడ కొట్టినా డొల్లే. లోపల గాలి తప్ప ఏమీ లేని గొట్టం మరి. ఒకచోట సన్నగా పలికింది, ఇంకోచోట లావుగా. గొట్టం గోడ మందం మారితే చప్పుడు మారుతుందని డాక్టరు చెప్పాడు. మంచి చోటు ఎలా పలుకుతుందో తెలిస్తేనే కదా చెడ్డ చోటు తెలిసేది. మొగిలి మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. నీళ్ల సీసా పెట్టే చోటుకు కొంచెం కింద చప్పుడు చచ్చింది. మళ్లీ కొట్టాడు. చచ్చింది. ఇంకోసారి కొట్టాడు. పలికింది.

"లోపట ఏమన్న ఉంటదా సార్?"

"గేర్ల తీగలు, బ్రేకు తీగలు పోతయ్ కాకా."

తీగ ఆనుకున్నప్పుడు చప్పుడు చచ్చిందా? పగులు వల్ల చచ్చిందా? చచ్చింది చప్పుడేనా, తన చెవా? అరవై దాటిన చెవి.

"ఏమంటవ్ బాపూ?"

"ఆగు."

"బాగున్నదా?"

"ఆగు అన్న గద."

"అంటె బాలేదా?"

పద్మలత చాయ్ కప్పులు ఎత్తుకుంటూ మొగుడితో మెల్లగా, కానీ అందరికీ వినబడేలా అంది: "కుండ కొనేటప్పుడు గూడ ఇంతసేపు కొట్టరు."

బాగుందంటే కూతురు ఈ గొట్టం మీద పడుకుని ఘాటు దిగుతుంది. బాలేదంటే, రేపు ఇదే బండిని ఇంకెవరో కొనుక్కుని పదేళ్లు తొక్కితే, ఆ పిల్ల జన్మలో తనను ఇంకేమీ అడగదు. మొగిలి లేచి లుంగీ దులుపుకున్నాడు.

"నేను తొక్కి చూస్త."

"నువ్వా?" అంది మమత.

"నేనే."

"బాపూ, ఇజ్జత్ తియ్యకు."

"తొక్కనియ్యమ్మా," అన్నాడు డాక్టరు. అతనికి ఇది తమాషాగా ఉంది. బండిని వీధిలోకి తెచ్చి సీటు కిందికి దించాడు. పెడళ్లకు వేరే బూట్లుంటాయి, చెప్పులతో జారుతాయి, మెల్లగా పొమ్మన్నాడు. మొగిలి లుంగీ ఎగ్గట్టాడు. వీధిలో ఎవరో వీడియో తీయడానికి ఫోన్ పైకెత్తారు.

మొదట వంకరటింకరగా పోయింది. తర్వాత కుదురుకుంది. మోచేతులు ఆనించి తల వంచాడు. ఆ వంగడం ఒంటికి తెలుసు. తక్కువ కప్పు కింద ఏళ్ల తరబడి అలాగే వంగి నడిచాడు. బండి ముందుకు పోతోందని కాళ్లకు తెలియడం లేదు. చప్పుడే లేదు. చెట్లు మాత్రం వెనక్కి పోతున్నాయి. ఇదా, దీని కోసమా ఈ పిల్ల పొద్దున్నే లేచేది అనుకున్నాడు. గొట్టం చప్పుడు వినాలని ఎక్కినవాడు వినడం మరిచిపోయాడు.

స్పీడ్ బ్రేకర్ కనబడింది. వేళ్లు బ్రేకు కోసం వెతికాయి. కడ్డీల చివర గేర్ల మీటలున్నాయి. బ్రేకులు వెనక, పక్క హ్యాండిల్‌కు ఉన్నాయి. అది గుర్తొచ్చేసరికి మొగిలి నేల మీద ఉన్నాడు. బండి దొర్లి దారి పక్క మోరీ రాయికి తగిలింది.

మమత ఉరికి వచ్చింది. ముందు అతని మోకాలు చూసింది, ఆ తర్వాతే బండి. మొగిలి అది గమనించాడు.

కింది గొట్టం మీద వెంట్రుకంత గీత ఉంది. డాక్టరు గోరుతో గీకి చూశాడు. రంగు మీద గీత కాదు. పగులే. చప్పుడు చచ్చిన చోట కాదు, దానికి జానెడు కింద.

పాతదా, కొత్తదా? ఇనుమైతే తుప్పు చెప్పేది. రాయైతే తడి చెప్పేది. నలుపులో నల్ల పగులు. దానికి వయసు లేదు.

"మంచిగున్న బండి," అంది పద్మలత రొప్పుతూ వచ్చి. "పొద్దటి దాక గోడకు మంచిగుండె."

"బాపూ," అంది మమత. "కొట్టినప్పుడు ఇనవడ్డదా? ముందే ఉండెనా?"

ముగ్గురూ అతని వైపు చూశారు. ఇనవడ్డది అంటే చాలు. సర్దార్ మాట. డాక్టరు నమ్ముతాడు. భుజమెముక గురించి తగువు పడిన ఆవిడ ఇంకా గట్టిగా నమ్ముతుంది. కూతురైతే నమ్మడానికే పిలిచింది.

"ఇనవడ్డది," అన్నాడు మొగిలి. "గానీ గీడ కాదు. గాడ." వేలితో పైన చూపించాడు. "గది పగులో, తీగనో నాకు తెల్వలే."

"తెల్వకుంటె ఎందుకెక్కినవు?"

"తెల్వకనే ఎక్కిన."



డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "కాకా, నేను పడ్డప్పటిదే కావచ్చు."

"అయితె పడ్డవన్నట్టు!" అంది పద్మలత.

"పడ్డ. గానీ గది పాత బండి మీదనా, గీ బండి మీదనా... నువ్వన్నంక నాకే పరేషాన్ అయితుంది."

దయతో అంటున్నాడో, నిజమే చెబుతున్నాడో మొగిలికి అంతుపట్టలేదు. దయ అయితే తనకు అక్కర్లేదు. నిజమైతే ఇంత ఆలస్యంగా ఎందుకు చెప్పాలి?

"బండి మేమే తీస్కపోతం సార్. పడగొట్టినోన్ని నేను," అన్నాడు మొగిలి.

"నన్నడుగవా?" అంది మమత.

"నా మాటే అన్నవు గద."

"బాగున్నదంటె, బాలేదంటె నీ మాట. తెల్వదంటె నా మాట."

ఆమె బండి పక్కన కూర్చుని పగులు మీద వేలు పెట్టింది. "అతుకుతరా సార్ దీన్ని?"

"హైదరాబాద్‌ల అతికేటోళ్లున్నరు. అతికినంక ముందటికన్న గట్టిగుంటదంటరు."

"ఉంటదా, అంటరా?"

"అంటరమ్మా."

"తీస్కుంట."

"కొనుడు కొందం. నువ్వు ఎక్కుడు వద్దు," అన్నాడు మొగిలి. పొద్దుటి నుంచి అతని నోటి నుంచి వచ్చిన మొదటి గట్టి మాట.

"ఎందుకొద్దు?"

అతని దగ్గర కారణం లేదు. వెతికాడు. "పగిలిన కప్పు కింద నేను ఎన్నడు మనిషిని నిలవెట్టలే."

"నేను తొక్కే అరువు బండిని ఎన్నడన్న కొట్టి చూసినవా? దాని మీదనే గదా రెండేండ్ల సంది ఘాట్లు దిగుతున్న."

ఆ బండి ఏ రంగుదో కూడా అతనికి తెలియదు.

"ధర సంగతి ఇంట్ల మాట్లాడుకుందం సార్," అని మమత లేచింది. బండిని ఒక్క ఊపున భుజానికెత్తుకుని ముందు నడిచింది. డాక్టరూ భార్యా ఆ పాత బండి ఏ నెలలో అమ్మారో తేల్చుకుంటూ ఆమె వెంట పోయారు. మొగిలి మోకాలు పట్టుకుని అందరికంటే వెనక కుంటుకుంటూ నడిచాడు. ఎక్కడం తప్పా, ఎక్కకపోతే తప్పా? పగులు తాను పట్టుకున్నాడా, పెట్టాడా? వద్దనడానికి తనకిప్పుడు హక్కు ఉందా, ఎక్కి పడినప్పుడే పోయిందా? ఒక్కటీ తెగలేదు.

ఇంటి మలుపు దగ్గర మమత ఆగింది. అతని కోసం ఆగిందో, భుజం మార్చుకోవడానికి ఆగిందో తెలియలేదు. మొగిలి అడుగు వేగం పెంచాడు.