బల్లకు వెలి

ఫకృద్దీన్‌ను పెండ్లాడిన మహాపరాధానికి చర్చి సంఘపెద్దలు చక్రవర్తుల్లా కొలువుతీరి, కృపాకుమారిని ప్రభువు బల్లకు దూరం చేసి పన్నెండేండ్లయింది. ఆదివారమొస్తే చాలు, ఆ బల్ల ముందు అమ్మ పక్కన మోకరించి అందుకున్న రొట్టెముక్క, తియ్యటి ద్రాక్షరసం, అమ్మ ముసుగులోంచి తొంగిచూసే కనకాంబరాలు గుర్తుకొచ్చేవి.

పదవి ఊడిన పాస్టరు జయరాజు తాడిపత్రిలో, ఒక బండల పాలిషు ఫ్యాక్టరీ వెనక, వెలిపడినవాళ్లకు ఆరాధన జరుపుతాడని విని ఒకనాడు ఆమె వెళ్లింది. ఆయన విరిగిన నాపబండ మీద తెల్లగుడ్డ పరచి రొట్టె విరిచాడు. ఆమె చేయి చాపలేకపోయింది.

"నన్ను బల్లకు రావద్దన్నారు అయ్యగారూ."

జయరాజు ధర్మపీఠమెక్కిన న్యాయాధిపతిలా గంభీరంగా బండను తట్టి చూశాడు.

"బల్లకే గదమ్మా వద్దనింది? ఇది బండ. దీని మాట వాళ్ల తీర్మానంలో యాడుండాది?"

కృపాకుమారి నవ్వాపుకోలేక, నవ్వుతూనే మోకరించింది.