తెల్లగుడ్డ పరిచిన చోటు

చర్చి యువజన బృందంతో విదేశానికి వెళ్లిన కూతురు ఆ ఆదివారం తిరిగొస్తోంది. తండ్రికి సంతోషం కంటే గుబులే ఎక్కువగా ఉంది. పిల్ల అక్కడున్నప్పుడే నాన్నమ్మ పోయింది. ఆ సంగతి ఆయన కూతురికి చెప్పలేదు.

చర్చిలో మైకులు చూసేది ఆయనే. పాస్టరు గొంతు వెనక బెంచీ దాకా చేర్చే మనిషికి, తన గొంతు మాత్రం పెగల్లేదు. చెబితే పిల్ల సగంలోనే వచ్చేస్తుందని భార్యతో వాదించాడు. నిజానికి అమ్మ లేదన్న మాట తన నోటితో అనడం ఆయన వల్ల కాలేదు. "ఒడిలో నిప్పు కట్టుకుంటున్నారు," అంది భార్య. పిల్ల ఫోన్ చేసి నాన్నమ్మకివ్వమన్నప్పుడల్లా, నిద్రపోతోందని చెబుతూ వచ్చాడు.

ఇంటికొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని తానే చెప్పాలని ఆయన పట్టు. అందుకే చర్చిలో ఒక్కొక్కరినీ బతిమాలుకున్నాడు. పాటల బృందంలో ఒకావిడ ఉంది, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ కూడా మాటిచ్చింది, నిలబెట్టుకుంది. విమానాశ్రయానికి వ్యాను కట్టుకెళ్లిన కుర్రకారు పిల్లని నవ్విస్తూ తిన్నగా చర్చికే తీసుకొచ్చారు.

నోళ్లన్నీ కట్టేశాడు గానీ ఒక అలవాటును మరిచాడు. ఆ చర్చి వాళ్లలో ఎవరైనా పోతే, వాళ్లు ఎప్పుడూ కూర్చునే చోట ఏడాది పాటు తెల్లగుడ్డ పరిచి ఉంచుతారు. అక్కడ ఎవరూ కూర్చోరు. పిల్ల వస్తోంది కదా అని, చర్చి ఊడ్చే ఆవిడ నాన్నమ్మ చోటి గుడ్డను ఉతికి, ఇస్త్రీ చేసి మరీ పరిచింది. పొద్దున వైర్లు లాగుతూ ఆయన కూడా దాని పక్క నుంచే వెళ్లాడు. చూసి చూసి ఆయన కళ్లకది ఆనలేదు.

కూతురు లోపలికి అడుగుపెట్టగానే జనం చప్పట్లు కొట్టారు. కూర్చునేందుకు చోటు లేక గోడల పొడుగునా నిలబడ్డారు. ఆమె నవ్వుతూ ముందు బెంచీ వైపు చూసింది. అంత జనంలోనూ అక్కడ తెల్లగుడ్డ పరిచిన ఒక్క చోటు ఖాళీగా ఉంది. ఆమె నవ్వు ఆగిపోయింది.

పూలగుత్తి పట్టుకున్న పాస్టరును దాటుకుని వెళ్లి, అక్కడివాళ్లు జరిగి ఇచ్చిన తన ఎప్పటి చోటనే, తెల్లగుడ్డకు కుడి పక్కన కూర్చుంది. నాన్నమ్మకు చదువు రాదు, ఎడమ చెవి వినపడదు. పాటలో ప్రతి చరణాన్నీ ముందుగా కుడి చెవిలో అందించడం చిన్నప్పటి నుంచీ ఈ పిల్ల పని. ఇప్పుడు పాట మొదలైంది. ఆమె అలవాటుగా పక్కకు వంగింది. మొదటి మాట పెదాల మీదికి వచ్చి అక్కడే నిలిచిపోయింది.

ఆయన మైకు పెట్టె వదిలేసి వచ్చాడు. వెనక స్పీకర్లు కీచుమని మూగబోయాయి. "మా అమ్మ పోయిందమ్మా," అన్నాడు.

"నిద్రపోతోందన్నావు," అంది కూతురు. "నేను ప్రతిసారీ లేపొద్దన్నాను నాన్నా."

ఆయన సిగ్గుతో, దుఃఖంతో బెంచీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తెల్లగుడ్డను తీసి, మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"కూర్చో. మొదట్నుంచీ చెప్పు."

ఆయన తన తల్లి చోట కూర్చున్నాడు. చుట్టూ జనం మైకు లేకుండానే పాడుతున్నారు. కూతురు తలవంచి చెవి అందించింది. ఆయన వంగి చెప్పడం మొదలుపెట్టాడు.