కుదరదుగారు

కుర్చీల వరసల మధ్య వంగి, వాటి కాళ్లకు చీటీలు కడుతున్నాడు గుమాస్తా. సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఏళ్ల తరబడి వంగి వంగి మెడ ముందుకు సాగిపోయింది. ఇవాళ్టితో ఉద్యోగ విరమణ. అయినా ముడి ముడికీ దారం లాగి చూస్తూనే ఉన్నాడు.

కార్ఖానాలో అందరూ అతన్ని "కుదరదుగారు" అంటారు. పద్దెనిమిదేళ్ల కిందట, విదేశీ వ్యాపారులతో ఎలా మెలగాలో నేర్పడానికి యజమాని మూడు రోజుల శిక్షణ పెట్టించాడు. ఇరవైమంది వెళ్లారు. పెట్టించిన యజమానే మొదటి గంటలో కునుకు తీశాడు. మిగతావాళ్లకు భోజనం గుర్తుండిపోయింది. "మొహమాటానికి మనం అయిపోతుందండీ అంటాం. వాళ్లు దాన్ని మాటివ్వడమే అనుకుంటారు" అని పాఠం చెప్పినావిడ అన్న ముక్క మాత్రం గుమాస్తా బుర్రలో దిగబడిపోయింది. అప్పట్నుంచి ఇంటా బయటా, కుదరనిదాన్ని కుదరదనే చెప్పడం అతని వరస. పెళ్లికి రాలేనని ముందే చెప్పేసినందుకు బావమరిది రెండేళ్లు మాట్లాడలేదు. ఏడున్నరకి వస్తానంటే ఏడున్నరకే వస్తాడని తెలిసి, భార్య ఏడింటికి పొయ్యి వెలిగిస్తుంది. పాపం, ఇంతకు మించి పేరు ప్రతిష్ఠలేవీ సంపాదించలేదు.

ఇవాళ అతని బెంగ ఒకటే. తను వెళ్లాక ఫోనెత్తి ఉన్నమాట చెప్పేదెవరు?

మూడింటికి ఫోను మోగింది. కొత్త హోటలు తెరవబోతున్న విదేశీ ఆసామి. మూడొందల కుర్చీలూ పదిహేనో తారీఖుకల్లా కావాలట. గుమాస్తా చేతినిండా దారాలు, యజమానే ఎత్తాడు.

"అయిపోతాయండీ, దాదాపు అయిపోయినట్టే," అన్నాడు అలవాటుగా.

గుమాస్తా తలెత్తలేదు. వెళ్లిపోయేవాడు కల్పించుకుంటే ఏం బాగుంటుంది? దారం మాత్రం ఇంకాస్త గట్టిగా లాగాడు.

యజమాని ఆ వంగిన మెడవైపు చూసి, ఫోను మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"కాదులెండి. పదిహేనుకి కుదరదు. వార్నిషు ఆరాలి. ఇరవై నాలుగుకి పంపిస్తాం."

అవతలివాడు చెప్పింది విని ఫోను పెట్టేశాడు.

"సరేనన్నాడయ్యా. ముందే చెప్పారు కాబట్టి హోటలు తెరిచే రోజు వాయిదా వేసుకుంటాడట."

"హమ్మయ్య," అంటూ గుమాస్తా నేలమీదే చతికిలబడ్డాడు.

"నువ్వుంటే ఇదేగా చెప్పేవాడివి."

"నేనింకా ఇక్కడే ఉన్నానండీ."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆరింటికి, ఏ హడావుడీ చెయ్యకుండా, అన్నం డబ్బా పట్టుకుని గుమాస్తా ఇంటిదారి పట్టాడు. బెంగ తీరి ఒళ్లు తేలిగ్గా ఉంది.

ఆఫీసు గదికి తాళం వెయ్యబోతూ యజమాని అతని కుర్చీమీది దిండు ఎత్తి చూశాడు. శిక్షణకు ముందు ఏడాది, గుమాస్తాయే అయిపోయాయని చెప్పి పచ్చి వార్నిషుతోనే పంపేస్తే తిరిగొచ్చిన సరుకులోది ఆ కుర్చీ. సీటునిండా, అప్పట్లో దానికి చుట్టిన వార్తాపత్రిక అక్షరాలు తిరగబడి అంటుకుని ఉన్నాయి.