మెర్లిన్ చెప్పిన సాక్ష్యం

ఉల్లిపాయలు తరగడానికి వంగితే చాలు, పొట్ట మీది కోత చురుక్కుమంటోంది. అయినా మెర్లిన్ కత్తిపీట ముందు నుంచి లేవలేదు. మొగుడు జడ్సన్ బతికి బయటపడినందుకు ఈ సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక. ఇందుకూరుపేట చర్చి సంఘమంతా వస్తుంది. అంతమందికీ పలావు వండాల్సింది ఎవరు? ఆయనకు సగం లివరు కోసిచ్చిన మనిషే!

కోసిచ్చాక ఆమెను నాలుగు రోజులు పడుకోనిచ్చిందెవరు గనక. ఆసుపత్రి నుంచి రాగానే చేతికి చీపురొచ్చింది. "ఆడదాని ఒళ్ళు తోటకూర మడి మాదిరి, కోసేకొద్దీ చిగురేస్తాది" అంది అత్త రెబెక్కమ్మ. దిండుకానుకుని జడ్సన్ నవ్వాడు. తాగి తాగి ఒళ్ళు గుల్ల చేసుకున్నవాడికి మంచం, కోతపడ్డ మనిషికి పొయ్యి. ఇదేం న్యాయం?

ఇప్పుడు ఇంకోటి. పెట్టిన లివరు అనుకున్నంతగా పెరగడం లేదట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలు ఎక్కించి చూద్దామంది డాక్టరమ్మ. ఇంకా ప్రయోగదశలో ఉన్న వైద్యమనీ, తమ్ముడి మజ్జయినా పనికొస్తుందనీ చెప్పింది. ఆ మాట వినగానే మరిది క్రాంతి కుమార్ ఫోను చెవిన పెట్టుకుని బయటికి జారుకున్నాడు. "వాడికి రొయ్యల గుంట కాడ పనుండాది. మెర్లిన్ ఇస్తాదిలే, దానికి అలవాటే గదా" అంది రెబెక్కమ్మ. అలవాటట!

కూడికలో పాటలయ్యాక, దేవుడు చేసిన మేలును అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి జడ్సన్ లేచాడు. "దేవుడు నాకు కొత్త లివరు ఇచ్చినాడు" అన్నాడు. డాక్టర్లకు, పాస్టరుగారికి, ఆసుపత్రి దాకా కారు తోలిన తమ్ముడికి వందనాలు చెప్పాడు. పెళ్ళాం పేరు చిట్టచివర నోటికొచ్చింది. "ఇంకో వైద్యం ఉండాది. మెర్లిన్ మజ్జ ఇస్తా ఉండాది. ప్రార్థన చేయండి."

"స్తోత్రం" అన్నారంతా.

సాక్ష్యానికి ఎవరు లేచినా మధ్యలో ఆపకూడదు, అది వాళ్ళ సంఘంలో కట్టుబాటు. మెర్లిన్ వంటింట్లోంచి వచ్చి, తల మీద కొంగు కప్పుకుని నిలబడింది.

"లివరు దేవుడిచ్చినాడని ఆయన చెప్పినాడు. కోసింది మాత్రం నా పొట్ట."

రెబెక్కమ్మ కొంగు పట్టి లాగింది. మెర్లిన్ విడిపించుకుంది.

"మజ్జ ఇస్తావా అని నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలా. నేను ఇయ్యను. తుంటి ఎముక మా మరిదికి కూడా ఉండాది. ఆయనకు ధైర్యమియ్యమని అందరూ ప్రార్థన చేయండి."