పది ఆంపియర్ల ఇల్లు

“వెలుగుతోంది కదా, దానికేం రోగం?” అన్నాడు వజ్దీ.

నేను వంటింట్లో కూసా అనే లేత గుమ్మడికాయల లోపలి గుజ్జు తొలుస్తూ, కొత్త లాప్‌టాప్ మాట మళ్లీ ఎత్తాను. మా ఆయన దగ్గర ఆ మాట ఎత్తాలంటే నేను సమయం చూసుకోవాలి. అతని కడుపు నిండి ఉండాలి, వార్తలు అయిపోయి ఉండాలి, అత్తయ్య బాల్కనీలో ఉండాలి. ఇన్నీ కుదిరినా జవాబు ఒక్కటే. ఈసారి దానికో తోక కూడా తగిలించాడు. “ఇంట్లో కూర్చుని నాలుగు అరబ్బీ ముక్కలు చెప్పడానికి నీకు రాకెట్ కావాలా? ముందు టీవీ మార్చాలి. ప్రపంచకప్ వస్తోంది, అన్నయ్యావాళ్లు చూడ్డానికి మనింటికే వస్తారు.” టీవీ కూడా వెలుగుతూనే ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. మింగడం నాకు బాగా అలవాటు.

నా లాప్‌టాప్ నా పెళ్లికంటే పాతది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు తగిలించి ఉన్నంతసేపే దాని ప్రాణం. బేరూత్‌లో ఒకదాని ప్రాణం వైరు మీద ఉందంటే ఇక చెప్పేదేముంది. సర్కారు కరెంటు దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది; మిగతా పొద్దంతా వీధి జనరేటరే దిక్కు. అందులో మా వాటా పది ఆంపియర్లు; వాడకం అది దాటితే కింద గోడ మీదున్న మా స్విచ్చు పడిపోతుంది. అందుకే ఇక్కడ ఎవరింట్లోనైనా మీట నొక్కే ముందు ఒక కేక వేస్తారు. “గీజరు వేస్తున్నా, ఇస్త్రీ పెట్టె ఆపండి!” పసిపిల్లలకి ‘అమ్మ’ తర్వాత వచ్చే మాట ఇదేనని నవ్వుకుంటాం. మా ఇంట్లోనూ అంతే. ఇస్త్రీ పెట్టె గురించి అడుగుతారు, వాషింగ్ మెషిన్ గురించి అడుగుతారు. మూలగదిలో తలుపేసుకుని నేను పాఠం చెబుతున్నానేమో అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేను చెప్పేది పనే కానప్పుడు దానికి కరెంటు ఖర్చవుతుందని ఎవరికి తడుతుంది?

ఆ వారంలోనే ఒక రోజు చెప్పాల్సింది మామూలు పాఠం కాదు. ఇన్నాళ్లూ గంటల లెక్కన చెప్పించుకున్న ఆన్‌లైన్ బడివాళ్లు, నెలజీతం మీద తీసుకోవడానికి పరీక్ష పాఠం పెట్టారు. పైఅధికారి కోలెట్ గారు మొదటినుంచి చివరిదాకా చూస్తారు. పొద్దున్నే తల్లికీ కొడుక్కీ చెప్పాను, సాయంత్రం నా పాఠం అయ్యేదాకా బరువైనవేవీ వేయొద్దని. “నాకేం పనమ్మా వేయడానికి,” అంది అత్తయ్య. వజ్దీ ఫోన్లోంచి కళ్లెత్తకుండా తలూపాడు.

పాఠం బాగానే సాగింది. విద్యార్థి ఒక నర్సు; రోగిని ‘ఎక్కడ నొప్పి’ అని అడగడం నేర్చుకుంటోంది. నేను మూలుగుతూ రోగి వేషం కడితే ఆమె నవ్వింది, కోలెట్ గారు కూడా నవ్వారు. నా చెవులు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. వీధి తలుపు తెరుచుకుంది. బయట వాన, వజ్దీ పని నుంచి ముందే వచ్చేశాడు. హాల్లో హీటరు టక్కుమంది. అదొక్కటే అయితే తట్టుకుంటుంది, ఇంకేం వేయకండి దేవుడా అనుకున్నాను. అంతలోనే అత్తయ్య గొంతు.

“ఎంత తడిసిపోయావు నా తండ్రీ, నీకంటే ముందు నేను పోవాలి! గీజరు వేస్తా, వేడిగా స్నానం చెయ్యి. వాషింగ్ మెషిన్ ఆగిందా?”

“ఆగిందమ్మా.”

“ఇస్త్రీ పెట్టో?”

“లేదమ్మా, వేసెయ్.”

కాళ్ల దగ్గర హీటరు ఎర్రగా కాలుతుంటే, వేసెయ్ అన్నాడు. మైకు ఆపి అరవనా, నర్సు అడిగినదానికి జవాబు చెప్పనా అని నేను తేల్చుకునేలోపే ఇల్లంతా చీకటైపోయింది. దాంతోపాటు నా తెరా పోయింది.

“హనాదీ! ఏం వేశావే?” హాల్లోంచి అత్తయ్య. “ఆ పాత డబ్బాయే కరెంటంతా తాగేస్తోంది.”

“కిందికెళ్లి స్విచ్చు ఎత్తి రా, చలి చంపేస్తోంది,” అన్నాడు వజ్దీ.

ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ దానికి టైము లేదు. ఫోన్ తీసి కోలెట్ గారికి సంగతి రాశాను. జవాబు వెంటనే వచ్చింది. “రేపు పొద్దున ఇంకోసారి చూద్దాం హనాదీ. అదే ఆఖరు. దయచేసి నమ్మదగిన మెషిన్‌తో రండి.”

కోటు వేసుకున్నాను. బీరువాలో టీవీ కోసమని వజ్దీ పక్కన పెట్టించిన నా పాఠాల డబ్బు తీసి సంచిలో వేసుకున్నాను. లిఫ్టు లేదు కాబట్టి అయిదంతస్తులూ నడిచే దిగాను. స్విచ్చు పడ్డప్పుడల్లా ఈ మెట్లు దిగేది నేనే, కడుపుతో ఉన్నప్పుడూ, జ్వరంతో ఉన్నప్పుడూ. కింద గోడ మీద అన్ని ఇళ్ల స్విచ్చులూ వరుసగా ఉన్నాయి, మాది ఒక్కటే కిందికి పడి ఉంది. చెయ్యి దానంతటదే పైకి లేచింది. దాన్ని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. వానలోకి నడిచాను.

కొట్టతను రంగులు చూపిస్తుంటే, వైరు లేకుండా ఎంతసేపు బతుకుతుందో అదొక్కటి చెప్పమన్నాను. సగం రోజన్నాడు. ప్యాక్ చేయమన్నాను. అప్పుడు మోగింది ఫోను, వజ్దీ.

“ఎక్కడున్నావ్? చీకట్లో కూర్చున్నాం.”

“లాప్‌టాప్ కొంటున్నాను.”

“సరే, అది ఇంటికొచ్చాక తేల్చుకుందాం. నేను కిందికొచ్చాను. అన్నీ పడిపోయున్నాయి ఇక్కడ, జనరేటరు ఆగి, ఒక్కసారిగా వచ్చి అన్నిట్నీ పడగొట్టినట్టుంది. మనదేదో తెలిసి చావట్లేదు.”

“ఒక్కోదాని కింద పేరు రాసి ఉంటుంది, చూడు.”

“చూశాను. పైనుంచి కిందిదాకా చూశాను. నా పేరు ఎక్కడా లేదు.”

“ఉండదు వజ్దీ, బిల్లు కట్టేవాళ్ల పేరే రాస్తారు,” అన్నాను. “నా పేరు వెతుకు.”